పక్కకి జరిగిన చిల్లు

మనిషికి పిచ్చి పడితే ఇంట్లోవాళ్ళు ఏ వైద్యుడి దగ్గరికో తీసుకెళ్తారు. ఆఫీసుకి పడితే మాత్రం సర్క్యులర్ వస్తుంది. మొన్న ఫిబ్రవరిలో మా సంఘానికి జిల్లా కార్యాలయం నుంచి వచ్చినదాన్ని ఉన్నది ఉన్నట్టుగా చెప్తాను: "సంఘముల వద్ద గల మిగులు నిధులను ఇకమీదట కాలక్రమేణా విలువ పెరుగు స్వభావము గల ఆస్తులయందు మాత్రమే నియోగించవలెను. మరమ్మతులు విలువను పెంచవు. అవి వ్యయము మాత్రమే."

ఇది రాసిన మహానుభావుడెవరో నాకు తెలీదు. జన్మలో ఒక్కసారి కూడా ఆయన కారే చూరు కింద పడుకోలేదని మాత్రం గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను.

మాది ఉద్దానంలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొబ్బరిపీచు తాళ్ళ సహకార సంఘం. నేను దానిలో గుమస్తాని, పేరు ధర్మారావు. ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు సంఘం షెడ్డులో కూచుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పీచు పేని తాళ్ళు చేస్తారు. ఆ షెడ్డు మీది రేకుల్లో సగం ఐదేళ్ళ కిందటి తుపానుకి ఎగిరిపోయాయి, మిగతా సగం ఎగరకపోయినా ఉపయోగం లేదు. వాన పడితే పీచు తడుస్తుంది, తడిసిన పీచు నల్లబడుతుంది, నల్లబడిన తాడుకి సగం ధరే వస్తుంది. ఆ పోయిన సగం ఎవరి కూలీలో తెగుతుందో మీకు చెప్పక్కర్లేదు. జూన్ నుంచి నవంబరు దాకా ఆ ఆడవాళ్ళు నెత్తిన ప్లాస్టిక్ గోనెలు కప్పుకుని కూచుని సగం కూలికి పనిచేస్తారు.

వాళ్ళ పెద్ద మడ్డు జోగమ్మ. ఏటా మేలో రేకులు కావాలని ఒక అర్జీ ఇస్తుంది. ఏటా నేను నకలు జిల్లా కార్యాలయానికి పంపి, దాని మీద "పరిశీలనలో ఉన్నది" అని రాస్తాను. అలా ఐదు రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అంటారు. ఆ అర్జీల మీద చూసుకుంటే నాకే సిగ్గేస్తుంది.

ఈ ఏడు దేవుడు చల్లగా చూశాడు. సంఘానికి అరవై వేలు మిగిలాయి. రేకులకి యాభై ఎనిమిది వేలవుతాయని మేస్త్రి చెప్పాడు. ఆ కబురు జోగమ్మకి నేనే చెప్పాను. షెడ్డంతా పండగ చేసుకున్నారు. వారం తిరక్కుండా ఈ సర్క్యులర్ దిగింది.

మా కార్యదర్శి దుంపల పురుషోత్తం గారు దాన్ని మూడుసార్లు చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. రేకులు మరమ్మతు కిందికి వస్తాయి కాబట్టి కుదరదన్నారు. మరి విలువ పెరిగేది ఏమిటని అడిగితే జేబులోంచి ఫోను తీశారు. వాళ్ళ అల్లుడు పంపిన వీడియో అది. అందులో ఒకడు ఒక తుప్పు బిళ్ళని చూపించి, ఇది మీ ఇంట్లో ఉంటే మీరు లక్షాధికారులేనని అరుస్తున్నాడు. ఆ వీడియో చూసినప్పటి నుంచీ ఆయన టీకొట్టులో ఇచ్చిన చిల్లరని రెండువైపులా తిప్పి చూడకుండా జేబులో వేసుకోవడం లేదట. ఆయన వెనక లైన్లో నిలబడ్డవాళ్ళ టీ చల్లారిపోతోందని సింహాచలం అప్పటికే నాతో మొరపెట్టుకున్నాడు. సింహాచలం అంటే ఆ టీకొట్టాయన.

మర్నాడే సమావేశం పెట్టారు. అధ్యక్షులు జగ్గునాయుడు గారు, కార్యదర్శి గారు, స్టోరుకీపరు బమ్మిడి లింగరాజు, మినిట్స్ రాయడానికి నేను. జగ్గునాయుడు గారు పాతకాలం మనిషి. ఏదో ఒక బిళ్ళ కొనేదయితే బంగారపు బిళ్ళే కొని బీరువాలో పడేద్దాం అన్నారు. పురుషోత్తం గారు చిరునవ్వు నవ్వారు.

"బంగారం ధర రోజూ పేపర్లో వేస్తాడండీ. రేపు తగ్గితే ఆడిటరు పట్టుకుంటాడు. పాత నాణెం ధర ఎవరికీ తెలీదు. తెలియని ధర తగ్గిందని ఎవడు రాయగలడు?" అన్నారు.

ఇంత గట్టి ఆర్థిక సూత్రం నా ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో వినలేదు. తీర్మానం ఏకగ్రీవంగా పాసయింది. "ఒక నాణెము కావలెను" అని నోటీసు బోర్డు మీద నేనే అంటించాను.

కొనుగోలు నిబంధనల ప్రకారం సీలు వేసిన మూడు కొటేషన్లు పిలిచి, అన్నిటికన్నా తక్కువ ధర ఇచ్చినవాడి దగ్గరే కొనాలి. మొదటి కొటేషను సింహాచలం ఇచ్చాడు. ఒక రూపాయి నాణెం, ధర ఒక రూపాయి, డెలివరీ ఉచితం. ఇక లింగరాజు పట్టు పట్టాడు. లోకంలో ఇంతకన్నా తక్కువకి నాణెం దొరకదనీ, రూలు రూలేననీ, ఇది కాదని వేరేది కొంటే తన పింఛను పోతుందనీ వాదించాడు. పూట గడిచిపోయింది. చివరికి కార్యదర్శి గారు నోటీసులో ఒక షరతు చేర్చారు: "సదరు నాణెము చెల్లుబాటు కానిదై ఉండవలెను."

మర్నాడు పొద్దున్నే సింహాచలం మళ్ళీ వచ్చాడు. ఈసారి గుడ్డసంచీ నిండా పది రూపాయల బిళ్ళలు. మీకు తెలుసో తెలీదో, మా ఊళ్ళో పది రూపాయల బిళ్ళ ఎవరూ తీసుకోరు. బిళ్ళ చెల్లుతుందని బ్యాంకు వాళ్ళు గోడ మీద బోర్డు రాసి పెట్టారు. ఆ బోర్డు కిందే కూచునే అరటిపళ్ళ ఆవిడ కూడా తీసుకోదు. సింహాచలం దగ్గర అలాంటివి మూడువందల పైన పోగయ్యాయి. చట్టం ప్రకారం చెల్లుతాయి, ఊరి ప్రకారం చెల్లవు, మరి సంఘం ఎవరి పక్షమని అడిగాడు. పురుషోత్తం గారు గంటసేపు ఆలోచించి నోటీసులో ఇంకో షరతు చేర్చారు: "వయస్సు డెబ్బది సంవత్సరములకు తక్కువ కారాదు." అధ్యక్షుల వారికి డెబ్బై ఒకటి. ఆయన ఎందుకో ఆ షరతు చదివి సంతోషించారు.

రెండు నెలలకి, ఏప్రిల్ చివర్లో దిగాడు విశాఖపట్నం నుంచి చక్రధర్ అనే నాణేల వ్యాపారి. తెల్ల చేతితొడుగులు, వెల్వెట్ పెట్టె. మూడు కొటేషన్లూ ఆయనే తెచ్చాడు. ఒకటి తన లెటర్‌హెడ్ మీద, ఒకటి భార్యది, ఒకటి బావమరిదిది. అది మాకేమీ కొత్త కాదు, మా కుర్చీలు కూడా అలాగే వచ్చాయి. పెట్టెలో మూడు నాణేలున్నాయి. మొదటిది వెండి రూపాయి. దాని మీద తెల్లదొర బొమ్మ ఉంది, పరాయి ప్రభువు బొమ్మని సంఘంలో ఉంచడానికి పైవారి అనుమతి కావాలని పక్కన పెట్టారు. రెండోదాని మీద అక్షరాలు అరిగిపోయాయి, రిజిస్టర్లో ఏమని ఎక్కించాలో తెలీదని లింగరాజు దాన్ని ముట్టుకోలేదు. మూడోది చిల్లుకానీ. యుద్ధం రోజుల్లో లోహం చాలక మధ్యలో కన్నం పెట్టి కొట్టిన కానీ అది. మా నాయనమ్మ దగ్గర అలాంటివి దండ గుచ్చి ఉండేవి.

అయితే ఈ కానీకి చిల్లు సరిగ్గా మధ్యలో లేదు. కాస్త పక్కకి జరిగింది.

"టంకశాలలో పొరపాటు జరిగిందండీ. పొరపాటు జరిగితేనే విలువ. ఇలాంటిది దేశంలో ఇంకొకటి లేదు" అన్నాడు చక్రధర్. ధర యాభై తొమ్మిది వేల తొమ్మిది వందలు.

పొరపాట్లకి అంత ధర పలికేటట్టయితే మా జిల్లా కార్యాలయాన్ని మొత్తంగా వేలం వేసి, వచ్చిన డబ్బుతో సముద్రానికే పైకప్పు వేయొచ్చు. ఆ మాట మినిట్స్‌లో రాయలేదు లెండి.

ఆ కానీనే కొన్నారు. కొన్నాక స్టోరులో చేర్చాలి కదా. లింగరాజు చాలా నిజాయితీపరుడు, అదే ఆయనతో చిక్కు. సరుకు రంధ్రంతో అందిందని రిజిస్టర్లో రాసి బిల్లు ఆపేశాడు. మధ్య భాగం ఎందుకు సరఫరా చేయలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని చక్రధర్‌కి మెమో పంపాడు. చక్రధర్ చాలా అనుభవం ఉన్న మనిషి. ఏమాత్రం తడుముకోకుండా జవాబిచ్చాడు: "సదరు మధ్య భాగమును 1943వ సంవత్సరములో ప్రభుత్వము వారే తీసుకొనిరి." లింగరాజు మొహం విప్పారింది. ప్రభుత్వం తీసుకుందంటే అడగడానికేముంది. "ప్రభుత్వ రికవరీ పోను మిగిలిన నాణెము, ఒకటి" అని ఎక్కించి బిల్లు పాస్ చేశాడు.

ఆ రోజే జోగమ్మ ఆఫీసుకి వచ్చింది, వెనక నలుగురు ఆడవాళ్ళతో. మే నెల కదా, అర్జీ ఇచ్చే వేళ. రేకులు ఎప్పుడొస్తాయని అడిగింది. పురుషోత్తం గారు ఆమెకి సర్క్యులర్ సారాంశం వివరించారు. పెట్టుబడి అనగా ఏమి, వ్యయం అనగా ఏమి, దేశం ఎటు పోతోంది, అన్నీ చెప్పారు. చివర్లో గాజుమూత కింద కానీని చూపించారు. జోగమ్మ వంగి చాలాసేపు చూసింది.

"దీనికీ కన్నం ఉంది. మా సెడ్డుకీ కన్నం ఉంది. దీనికి అరవై ఏలిచ్చినారు, మాకేటీ నేదా బాబూ?" అంది.

"షెడ్డుకి చిల్లు ఎక్కడైనా ఉండేదే జోగమ్మా. ఇది అరుదైన చిల్లు" అన్నారు పురుషోత్తం గారు. ఆయన వెటకారానికి అనలేదు. మనస్ఫూర్తిగా నమ్మి అన్నారు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను అర్జీ తీసుకుని కలం పట్టుకున్నాను గాని ఆ రెండు ముక్కలు రాయడానికి చెయ్యి రాలేదు. అర్జీని అలాగే తిరిగి పంపించేశాను, సంతకం లేదని ఒక వంక పెట్టి.

అసలు తద్దినం అక్కడినుంచి మొదలైంది. కానీతోపాటు చక్రధర్ ఒక కరపత్రం ఇచ్చాడు. చేతితో ముట్టరాదు, తేమ తగలరాదు, ఉప్పుగాలి సోకరాదు, సోకినచో విలువ సగానికి సగం పడిపోవును. మా ఊళ్ళో ఉప్పుగాలి తగలని వస్తువంటూ ఉంటే అది ఇంకా ఊళ్ళోకి రాలేదని అర్థం. ఇక దాన్ని చార్జి తీసుకునేది ఎవరు? చార్జి రిపోర్టు మీద సంతకం పెట్టినవాడే రేపు విలువ పడిపోతే జవాబు చెప్పాలి. జగ్గునాయుడు గారికి బీపీ వచ్చింది. తన చార్జి తాళ్ళ వరకేనన్నాడు లింగరాజు. నేను మా తోడల్లుడి గృహప్రవేశానికి సెలవు పెట్టాను. మా తోడల్లుడికి ఇల్లు లేదు.

పాపం పురుషోత్తం గారు రెండు వారాలు ఆ కానీని క్యారేజీ పైగిన్నెలో పెట్టుకుని ఇంటికీ ఆఫీసుకీ తిప్పారు. సంఘం ఆస్తి ఇంటికి పట్టుకెళ్ళడం నేరం, అద్దె గదిలో ఉన్న ఆఫీసులో వదలడం ప్రమాదం. మనిషి చిక్కిపోయారు. ఆఖరికి ఏం చేయాలో ఆదేశించమని జిల్లా కార్యాలయానికి రాశారు.

నాలుగో రోజుకి జవాబు వచ్చేసింది. మనుషుల అర్జీకి ఐదేళ్ళయినా ఉలుకూ పలుకూ లేని ఆఫీసు, కానీకి నాలుగు రోజుల్లో పలికింది. పురుషోత్తం గారు గట్టిగా చదవమంటే చదివాను: "సదరు అరుదైన ఆస్తిని నిరంతర జనసంచారము గల, తేమ సోకని, సంఘము యొక్క సొంత భవనమునందే భద్రపరచవలెను. ఇందునిమిత్తము ఆస్తి రక్షణ పద్దు కింద అగు వ్యయము యావత్తు అనుమతించడమైనది."

సరిగ్గా అప్పుడే జోగమ్మ సంతకం పెట్టిన అర్జీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. అర్జీని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

"సంగానికి సొంతంగా ఉన్నది మా సెడ్డొక్కటే కదా బాబూ. అక్కడెట్టండి. పొద్దుట్నుంచి ఇరవై ముగ్గురిమి ఉంతాం, దొంగెలగొస్తాడు? సార్జీ నాను తీసుకుంతాను. గాని కురుత్తాది, మరి మీ ఇట్టం" అంది.

చార్జి తీసుకుంటానన్న మాట చెవిన పడగానే పురుషోత్తం గారి మొహంలో రక్తం తిరిగి వచ్చింది. అక్కడికక్కడే రిపోర్టు రాయించారు. జోగమ్మ వయోజన విద్యలో నేర్చుకున్న సంతకాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది.

పైకప్పు అంచనా వేయడానికి ఇంజనీరు గారు వచ్చారు. ఆ కానీ వ్యాసం కొలిచారు. అడుగున్నర అటూ ఇటూ వదిలి, ఉదారంగా మూడడుగుల చదరం రేకు సరిపోతుందని తేల్చారు. నా ప్రాణం ఉసూరుమంది. ఇరవై ముగ్గురు మనుషుల మధ్య ఒక కానీకి మూడడుగుల గొడుగు వేసి పోతారన్నమాట. జోగమ్మ మాత్రం కంగారు పడలేదు. ఇక్కడ వాన నిలువుగా పడదనీ, సముద్రం మీంచి ఏటవాలుగా కొడుతుందనీ చెప్పింది. ఎంత ఏటవాలని ఆయన అడిగితే షెడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి చూపించింది. నేల ఏ మూల తడిసినా చెమ్మ పాకి కానీ దాకా వస్తుందని కూడా చెప్పింది. ఇంజనీరు గారు కాగితం మీద గీతలు గీశారు. "వర్షపాతము యొక్క గరిష్ఠ వాలును బట్టి నలభై అడుగులు, ఇరవై అడుగులు" అన్నారు. షెడ్డు కొలత సరిగ్గా అంతే. తరవాత ఉప్పుగాలికి అడ్డంగా సముద్రం వైపు గోడ, తేమ పీల్చడానికి రెండు ఫ్యాన్లు ఆయనే చేర్చారు.

అంచనా లక్షా నలభై వేలు. నోటు నేను రాశాను. నా సర్వీసులో అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఏదీ రాయలేదు. నాలుగు పేజీల్లో ఎక్కడా ఆడవాళ్ళు అనే మాట గాని, కూలి అనే మాట గాని రాకుండా చూసుకున్నాను. వచ్చి ఉంటే ఆ ఫైలు ఇంకా అక్కడే ఉండేది. తొమ్మిది రోజుల్లో జిల్లా కార్యాలయం డబ్బు మంజూరు చేసింది.

ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయి, జూన్ మూడో వారానికి షెడ్డు పూర్తయింది. మధ్యలో చిన్న సిమెంటు దిమ్మ, దాని మీద గాజుపెట్టె, అందులో కానీ. చుట్టూ మా సంఘం తాడే కంచెగా కట్టారు. ప్రారంభోత్సవానికి జిల్లా అధికారి గారు వచ్చారు. రిబ్బను కత్తిరించి, ఫ్యాను కింద నిలబడి, పెట్టెలోకి తొంగిచూశారు. గాజు మీద సన్నగా పీచు నలుసులున్నాయి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఈ ధూళి అత్యంత హానికరము. కార్మికులను తక్షణమే ఇచ్చటి నుండి తరలించవలెను" అన్నారు.

పీచు పేనే చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పురుషోత్తం గారు అప్పుడే చిత్తం అనేశారు. ఇదంతా చేసి, ఆ ఆడవాళ్ళని కొత్త రేకుల కిందినుంచి వానలోకి తోలడానికా అనుకున్నాను. నిరంతర జనసంచారం అని మీరే రాశారు కదండీ అని గొణిగాను. జనసంచారం కావాలన్నాం గాని పీచు సంచారం కాదన్నారాయన.

జోగమ్మ లేచింది. చీర దులుపుకుని గాజుపెట్టె తాళంచెవి బొడ్లోంచి తీసింది.

"ఎల్లిపోతాం బాబూ. మరి ఈ తాళం, సార్జీ ఎవులికిమ్మంటారు?"

చెయ్యి చాపి నిలబడింది. అధికారి గారు పురుషోత్తం గారి వైపు చూశారు. పురుషోత్తం గారు జగ్గునాయుడు గారి వైపు చూశారు. ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. లింగరాజు రేకులు లెక్కపెడుతున్నాడు. ఇంజనీరు గారు అప్పటికే జీపులో కూచున్నారు. ఆమె ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి తాళంచెవి చాపింది. నా ముందుకీ వచ్చింది. నేను నవ్వు ఆపుకోలేక కిందికి చూశాను. నిప్పుకణికని కూడా ఎవరో ఒకరు పట్టుకునేవారేమో గాని ఆ తాళంచెవిని ఒక్కరూ ముట్టుకోలేదు.

అధికారి గారు గొంతు సవరించుకున్నారు. ధూళి అనునది సాపేక్షము అన్నారు. సంరక్షణ సిబ్బంది యథాస్థానములో కొనసాగవచ్చునని, రోజుకోసారి గాజు తుడిస్తే చాలునని ఆదేశించి వెళ్ళిపోయారు. రిజిస్టర్లో నేను అప్పుడే ఎక్కించాను. నాణెము సంరక్షణ సిబ్బంది ఇరవై ముగ్గురు, అదనపు వేతనము లేదు, స్థానము పైకప్పు కింద.

తరవాతి గురువారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. సముద్రం మీంచి మొదటి వాన ఏటవాలుగానే వచ్చింది. జోగమ్మ అబద్ధం చెప్పలేదు. అరగంట దంచి కొట్టింది. ఆఫీసులో పురుషోత్తం గారికి నిలకడ లేదు. గొడుగు తీసుకుని, పంచె పైకి దోపుకుని షెడ్డుకి పరిగెత్తారు. వెనకే నేను. గాలికి గొడుగు తిరగబడింది. ఇద్దరం తడిసి ముద్దయిపోయి గుమ్మం దగ్గరికి చేరాం. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పొడి పీచు బంగారం రంగులో కుప్పలు పోసి ఉంది. మీద గోనె కప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరో ఏదో హాస్యమాడారు కాబోలు, నవ్వులు వినిపిస్తున్నాయి.

"జోగమ్మా, తడవలేదు కదా?" అని అరిచారు పురుషోత్తం గారు, గడ్డం మీంచి నీళ్ళు కారుతుంటే.

"నేదు బాబూ" అంది జోగమ్మ, పేనుతున్న తాడు మీంచి తల ఎత్తకుండానే. "ఇరవై ముగ్గురిమీ, ఒక్కరిమీ తడవనేదు."